హైదరాబాదు క్రైస్తవులు: లెక్కకు వచ్చినవారు, రానివారు

(మన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు చర్చీల సంగతి ఎత్తితే "అవి తెల్లదొరలు కట్టుకున్నవి కదా" అంటారు. కిందటి సమావేశంలో మన మిత్రుడొకరు కూడా ఇదే అన్నారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను.

ముందు ఆ నిజమైన సగం. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. 1806లో హుస్సేన్ సాగర్ అవతల కంటోన్మెంటు వెలిసింది, సికందర్ జా పేరున సికింద్రాబాదు అయింది. తెల్ల సిపాయిల కోసం 1813లో సెయింట్ జాన్స్ చర్చి, 1847లో బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి వచ్చాయి. 1983లో ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున ప్రార్థన చేసింది ఈ బొల్లారం చర్చిలోనే. పాలకుడు ముస్లిం, ప్రజల్లో ఎక్కువమంది హిందువులు. అయినా నిజాం గడ్డ మీద వాటికి చోటు దొరికింది. హెరిటేజ్ ఫోటోల్లో మనం చూసేవి ఇవే.

ఇక రెండో సగం. వెస్లియన్ మిషన్ 1879లో సికింద్రాబాదులో పని మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన పాస్నెట్ దొర మెదక్ చేరాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. "తిండి కోసం మారారు" అని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి కరువు రోజుల్లో మనవాళ్ళు రాళ్ళు మోశారు. చెమటోడ్చి తిన్న అన్నాన్ని బిచ్చం అనడం న్యాయమేనా? ఊరి బావి దగ్గరికి రానివ్వని వాళ్ళకు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పిన చోటు అది. ఆ అక్షరాలతోనే వాళ్ళ పిల్లలు నర్సులుగా, టీచర్లుగా నగరానికి వచ్చారు. బస్తీల్లో రేకుల షెడ్లలో ప్రార్థన పెట్టుకున్నారు. వాటి ముందు హెరిటేజ్ బోర్డులు ఉండవు.

మా నాయనమ్మ ఆ తరం మనిషి. ఆదివారం తెల్లచీర కట్టుకుని "గుడికి పోయొస్తా" అనేది. ఆమెకు చర్చి అంటే గుడే. కానీ నా టీసీలో మతం దగ్గర "హిందూ" అని ఉంది. అది రాయించింది మా నాన్నే. నా చదువు కోసం తన తల్లి విశ్వాసాన్ని కాగితం మీద దాచాడు.

ఆయన్ని ఆ పనికి నెట్టింది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులకు దక్కింది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. మతం మారితే ప్రభుత్వం దృష్టిలో కులం పోతుంది. ఊళ్ళో మాత్రం పోదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అదే ఏడాది హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ అయ్యారు. చర్చి గుర్తించిన కులాన్ని చట్టం గుర్తించలేదు.

2011 జనాభా లెక్కల్లో నగరంలో క్రైస్తవులు మూడు శాతం లోపే. మా ఇంటివాళ్ళు ఆ లెక్కలో లేరు. అలాంటి ఇళ్ళు ఇంకెన్నో!

మిత్రులారా, ఇక్కడ అమెరికాలో మనమూ మైనారిటీలమే. 1970లలోనే పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి కట్టుకున్నాం. మన పిల్లలతో ఎవరైనా "మీది పరాయి మతం" అంటే ఊరుకోం. అదే మాట హైదరాబాదులో మా నాయనమ్మ లాంటి వాళ్ళను అంటే ఎందుకు ఊరుకోవాలి?

నా కోరిక ఒక్కటే. దళితుల హక్కుల మీద మన ఫోరం పంపే ప్రతి వినతిపత్రంలో 1950 ఉత్తర్వు సవరణను కూడా చేర్చాలి. ఏ తండ్రీ కొడుకు చదువు కోసం తల్లి దేవుణ్ణి దాచుకోవలసిన అవసరం రాకూడదు.

సెలవు.