మోకాలి గాయానికి ఋజువు ఎవరు చూపాలి?
(ప్రసంగ పాఠం)



తపతీ తీరాన వెలసిన సూరత్ నగరం వస్త్రాలకు, వజ్రాలకు పేరు పొందినది. తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఇక్కడి మరమగ్గాల మీద జీవనం సాగిస్తున్నాయి. వారి బిడ్డల కోసం నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతో పాటు తెలుగు పాఠశాలలను కూడ నడుపుతున్నది. పలు ప్రాంతాల ప్రజలు కలిసి బ్రతికే ఇటువంటి నగరంలో, అదే విధంగా పలు ప్రాంతాల యువకులు కలిసి పనిచేసే మరొక వ్యవస్థను గురించి చెప్పుకోవడం సముచితం. అది మన సైన్యం. నేటి ప్రసంగ విషయం సైన్యం విడిచి వచ్చినవారి వైకల్య పింఛను; అందునా మోకాలి జబ్బుకు సంబంధించిన హక్కు.

ఒక మాజీ సైనికుని ఊహించండి. ఇరవై ఏళ్లు నిండకముందే సైన్యంలో చేరాడు. నాటి వైద్య పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు. పదిహేడేళ్లు కొండలలో, ఎడారులలో పనిచేసి తిరిగివచ్చాడు. ఇప్పుడొక బట్టల మార్కెట్టు ద్వారం వద్ద కాపలా ఉద్యోగం. పొద్దస్తమానం నిలబడాలి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. పింఛను కోరితే, “ఈ జబ్బుకు సైనిక సేవతో సంబంధం లేదు” అని జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టి ఊరుకున్నాడు. “ఇంతకాలం అన్నం పెట్టిన ప్రభుత్వం మీదనే అప్పీలా?” అన్నది అతని సంకోచం.

ఈ సంకోచం గౌరవింపదగినదే కాని, సరియైనది కాదు. అప్పీలు చేసుకొనే అవకాశాన్ని కల్పించినది ఆ ప్రభుత్వమే.

మోకాలి విషయంలో ఈ చిక్కు ఎందుకు తరచుగా వస్తుందో ముందు తెలుసుకోవాలి. తొడ ఎముకకు, కాలి ఎముకకు నడుమ అర్ధచంద్రాకారంలో రెండు మృదులాస్థి బిళ్లలు ఉంటాయి. కీలు కదలకుండా పట్టి ఉంచే నాలుగు ముఖ్యమైన బంధనాలు ఉంటాయి. వీపున బరువుతో నడవడం, కందకాలు దూకడం, నిటారు వాలు దిగడం ఈ భాగాల మీద ఎంతో ఒత్తిడి కలిగిస్తాయి. ఆ బిళ్లల లోపలి అంచుకు రక్తప్రసరణ లేనందున అక్కడి చీలిక తనంతట తాను మానడం అరుదు. యౌవనంలో తగిలిన దెబ్బ పది పదిహేనేళ్ల తరువాత కీళ్లవాతంగా బయటపడవచ్చు. అప్పటికి పాత దెబ్బను అందరూ మరచిపోతారు. “వయసుతో వచ్చిన అరుగుదల” అనే మాట కాగితం మీద మిగులుతుంది.

ఇక చట్టం ఏమంటున్నదో చూడండి. వైకల్యం సేవ వల్ల కలిగినదై గాని, సేవ వల్ల ముదిరినదై గాని ఉండాలి. అది 20 శాతానికి తగ్గకూడదు. ఇవి రెండూ మూల నిబంధనలు. చేరినప్పుడు నమోదు కాని లోపం సైనికునికి అప్పుడు లేదనే భావించాలనీ, హక్కును నిరూపించే భారం అతనిపై మోపరాదనీ, సందేహం కలిగితే దాని ఫలితం అతనికే చెందాలనీ 1982 నాటి నియమావళి చెప్పింది. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఈ సూత్రాలను స్థిరపరచింది. ఆ కేసు మూర్ఛవ్యాధికి సంబంధించినది. అయినను సూత్రం మోకాలికి కూడ వర్తిస్తుంది. సంబంధం లేదనే వైద్య మండలి అందుకు కారణం చూపాలి.

శాతం లెక్క కూడ గమనింపదగినది. నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం లభిస్తుంది. తక్కువ వైకల్యానికి ఆ నిష్పత్తిలోనే. అనగా 20 శాతానికి వేతనంలో 6 శాతం. 50 కంటె తక్కువగా ఉన్న వైకల్యాన్ని 50గా పరిగణించే సౌకర్యం, సేవాకాలం పూర్తిచేసి విరమించినవారికి కూడ చెందుతుందని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పుడు 6 శాతం 15 శాతం అవుతుంది. కాపలాదారు జీతంతో కుటుంబం నడిపేవారికి ఈ తేడా చిన్నది కాదు. అయితే 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త నియమావళి అమలులోకి వచ్చినది. ఆ తరువాత సేవ విడిచినవారు తమకు వర్తించే నిబంధనలను వేరుగా చూసుకోవాలి.

తిరస్కారపు ఉత్తరం రాగానే చేయవలసినది ఏమి? మొదట అందులోని కారణాన్ని చదవాలి. పిదప వైద్య మండలి నివేదిక ప్రతిని, ఆసుపత్రి కాగితాలను, దెబ్బ తగిలినపుడు దళాధికారి పూరించిన గాయాల నివేదికను సంపాదించాలి. దళం ఏర్పాటు చేసిన ఆటలో తగిలిన దెబ్బ కూడ విధి నిర్వహణలో తగిలినదేనని 1982 నియమావళి గుర్తించినది. కనుక ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డానని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

మొదటి అప్పీలుకు ఆరు నెలల గడువు. అదీ త్రోసిపుచ్చితే రెండవ అప్పీలు. అక్కడా న్యాయం జరుగలేదని తోస్తే, 2007 నాటి చట్టం క్రింద ఏర్పడి 2009లో పని ప్రారంభించిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నది. గుజరాత్ వాసులకు ముంబయి ధర్మాసనం. సూరత్ నుండి అది కొన్ని గంటల రైలు ప్రయాణం.

ఆలస్యం మాత్రం అపాయకరం. పింఛను వంటి హక్కు ఆలస్యంగా కోరినంత మాత్రాన నశించకపోయినా, బకాయిలు సాధారణంగా మూడేళ్లకే పరిమితమవుతాయని 2008లో తర్‌సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సేవ విడిచిన పదిహేనేళ్ల తరువాత కోరితే ఋజువు భారం కోరినవారి మీదనే పడుతుందని 2008 నియమావళి చెప్పింది. పెట్టెలో దాచిన కాగితం ఏటేటా బలహీనపడుతుంది.

ఒక్క అర్జీ ఎన్ని ఊళ్లు తిరుగుతుందో చూడండి. సైనికుడు ఫిరంగి దళంవాడైతే అతని చరిత్ర నాసిక్‌లో ఉంటుంది. సిగ్నల్ దళమైతే జబల్‌పూర్‌లో. ఆయుధ సామగ్రి దళమైతే సికింద్రాబాద్‌లో. పింఛను ఉత్తర్వు ప్రయాగరాజ్ నుండి రావాలి. అర్జీదారు తెలుగువాడా, గుజరాతీవాడా అని ఈ కార్యాలయాలలో ఎక్కడా అడుగరు. నిబంధన అందరికీ ఒక్కటే. జాతీయ సమైక్యత అనే మాటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణ దొరకదు.

అయితే ఆ నిబంధన ఆంగ్లంలోనో, హిందీలోనో వ్రాసి ఉంటుంది. ఇక్కడనే విద్యార్థులకు పని ఉన్నది. పొరుగున ఉన్న వృద్ధ సైనికుని ఉత్తరాన్ని అతని భాషలో చదివి వినిపించండి. తేదీ చూడండి, గడువు ఎన్నాళ్లున్నదో లెక్కకట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి అతని వెంట వెళ్లండి. ఉచిత న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ 2025లో సైనిక కుటుంబాలకై ఒక ప్రత్యేక పథకాన్ని ప్రారంభించిన సంగతి తెలుపండి.

మోకాలు మరల యథాస్థితికి రాకపోవచ్చు. కాని అది ఎవరి సేవలో అరిగినదో ఆ దేశం గుర్తించినదన్న తృప్తి ఆ సైనికునికి దక్కాలి. అందుకు అవసరమైన చట్టం ఉన్నది. ఆ చట్టాన్ని అతని ముంగిటికి చేర్చే చేయూత కావాలి.