బోర్డు తుడవని రోజు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు చేసే పనేమిటో మాకూ అర్థమయ్యేలా చెప్పరా" అని లెక్కల మాస్టారు మొన్న ఫోన్లో అడిగారు. నా ఉద్యోగం ఊడినంత పని చేసిన ఒక చిన్న సంగతి చెబుతాను.

నేను ప్రోగ్రామర్ని. నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేస్తాను. వాటిని అందుకునే ప్రోగ్రాము పేరు షెల్. నా కంప్యూటర్లో నాలుగు ప్రాజెక్టులుంటాయి. ఒకదానికి పాత పైథాన్ కావాలి, ఇంకోదానికి కొత్తది. డేటాబేస్ చిరునామాలూ వేరు. వీటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పేరుతో షెల్ గుర్తుపెట్టుకుని, తాను నడిపే ప్రతి ప్రోగ్రాముకీ అందిస్తుంది. ఫోల్డరు మారినా పాతవి మాత్రం మరిచిపోదు. చిక్కంతా అక్కడే.

ఒకరోజు పొద్దున ఏదో పని మీద అసలు డేటాబేస్ చిరునామా పెట్టాను. సాయంత్రం అదే తెరలో వేరే ప్రాజెక్టులోకి వెళ్లి, పరీక్ష కోసం టేబుళ్లన్నీ తుడిచే కమాండ్ కొట్టాను. రెండింట్లోనూ వేరియబుల్ పేరు ఒకటే. తుడిచిపెట్టుకుపోయినవి కస్టమర్ల ఆర్డర్లు! బ్యాకప్ ఉంది కాబట్టి తెల్లారేసరికి చాలావరకు తిరిగొచ్చాయి. ఆ రోజు ఆర్డర్లు మాత్రం రాలేదు. వాళ్లందరికీ ఫోన్ చేసి తిట్లు తిన్నది నేను కాదు, కొత్తగా చేరిన ఒక అమ్మాయి. ఆ బాకీ ఇంకా తీరలేదు.

తర్వాత డైర్‌ఎన్వ్ అనే ఉచిత సాధనం పెట్టుకున్నాను. ప్రతి ప్రాజెక్టు ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే 'ఎన్వ్‌ఆర్‌సీ' అనే చిన్న ఫైలు ఉంచుతాం. ఆ ఫోల్డరులోకి వెళ్లగానే అందులోని విలువలు అమలవుతాయి. బయటికి రాగానే పోయి, మునుపటివి తిరిగొస్తాయి. తెలుగు పీరియడ్ అవగానే బోర్డు తుడిచి లెక్కలు మొదలెట్టినట్టన్నమాట. క్లాసు లీడరు తుడవడం మరిచిపోయిన రోజున ఏమయ్యేదో మీకు గుర్తుండే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. ఆ ఫైలు నిజానికి ఒక ప్రోగ్రామే. ఎవరో పంపిన ప్రాజెక్టులో దాంట్లో ఏం రాసుందో ఎవరికి తెలుసు? అందుకే మనం 'డైర్‌ఎన్వ్ అలౌ' అని అనుమతిచ్చేదాకా అది నడవదు. తర్వాత ఒక్క అక్షరం మారినా మళ్లీ అనుమతి అడుగుతుంది. హెడ్మాస్టారు సంతకం చేసిన సెలవు చీటీలో తారీఖు దిద్దుకుని గేటు దాటినవాణ్ణి నేను. మాస్టారూ, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అయితే చదవకుండా అనుమతిచ్చేస్తే ఏ సాధనమూ కాపాడదు. అసలు డేటాబేస్ చిరునామా ఇప్పుడు నా ఏ ఫైల్లోనూ ఉంచను.

కంప్యూటర్లు చదివే పిల్లలుంటే భోజనాల దగ్గర కలవండి. లాప్‌టాప్ తెచ్చాను, చేసి చూపిస్తాను.