బాకీ పడ్డ రాముడు

కొత్తగా కలం పట్టినవాళ్లను వెనక్కి లాగే భయం ఒకటుంది: ఇదంతా ఎవరో ఎప్పుడో రాసేశారు కదా అని. ఆ లెక్కన రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న భద్రాచలంలో నోరే విప్పకూడదు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన ఆయన 17వ శతాబ్దంలో పాడేనాటికి, గోన బుద్ధారెడ్డి, మొల్ల రామకథను తెలుగులో చెప్పేశారు. మరి రామదాసులో కొత్తదనం ఎక్కడిది? ఆయన తహసీల్దారు. శిస్తు సొమ్ము రాముడికి ఖర్చుపెట్టి గోల్కొండ చెరలో పడ్డాక సీతమ్మ చింతాకు పతకం, భరతుడి పచ్చల పతకం పద్దులు విప్పి, ఎవరి సొమ్ముతో ఈ సోకులని దేవుణ్నే నిలదీశాడు. ఆపైన, దెబ్బలకు తాళలేక తిట్టానని సర్దుకున్నాడు. ఇలా బాకీ పడ్డ రాముడు వాల్మీకిలో లేడు.

అది భక్తి కాలం, నేటి పాఠకుడు కొత్త కథే అడుగుతాడు అనొచ్చు. కానీ 20వ శతాబ్దంలో విశ్వనాథ సత్యనారాయణ మళ్లీ రామాయణమెందుకన్న ప్రశ్నను తానే వేసుకుని, ఎవరి అనుభవం వారిదేనని జవాబిచ్చారు. ఆయన రాసిన ఆ రామాయణ కల్పవృక్షానికే 1970 జ్ఞానపీఠం దక్కింది. ఇంకొకరి వాక్యాన్ని ఎత్తుకురావడం వేరు, అది దొంగతనమే. వస్తువు మాత్రం ఎవరి సొత్తూ కాదు. తునికాకు కూలీల మీద ఎందరు రాసినా, కల్లం దగ్గర ఆకు బాగాలేదని పక్కన పడేసిన తన కట్టను తీసుకుని ఓ కూలీ ఏమందో విన్నవాళ్లే రాయాలి.