తాతల ఊరు

1960 ప్రాంతమున గనులు తెరచిన పిదప నలుదెసల పల్లెలనుండి వచ్చినవారి సంతతియే మన రామగుండమున మెండు. తాతగారి ఊరేదన్నచో యువకులు నీళ్లు నములుచున్నారు! మొదట తాతగారి ఉద్యోగపత్రములలో స్వగ్రామము చూడుడు. పిదప ఆ ఊరి 1954–55 ఖాస్రా పహాణీని తహసీలు కచేరీలో వెదకుడు. పట్టాదారు పేరును, సాగుదారు పేరును అందుండును. అంతకు పూర్వపు సేత్వారు ఉర్దూలో నున్నది. చదువగల వృద్ధుని వెంటగొనిపొండు.

అయితే భూమిలేని కూలివాని పేరు ఏ పహాణీ కెక్కినది? వానికి ఆశ్రితగాయకుని నాలుకయే దఫ్తరము. మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందహెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు తరతరముల కులకథలను, వంశములను గానము చేయుదురు. అట్టివారిని బిచ్చగాండ్రని వాకిటినుండియే మరలించుట మాకు మిగుల కష్టముగా నున్నది. కూర్చుండబెట్టి వినుడు, వ్రాసికొనుడు.

ఇక అమ్మమ్మ పుట్టినింటివారి సంగతి మీ యింటిపేరుగల కాగితములలో దొరకదు. ఆమె యుండగనే, ఈ వారముననే, ఆమెనే యడుగుడు.