నడుము నొప్పికి గట్టి మందు

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యాధికారి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను దూడల పోషణ గురించి మాట్లాడమని పిలిచినారు. ఆ సంగతి నా నోట మీరు చాలాసార్లు విన్నారు. ఈ పొద్దున నేను వచ్చేసరికి బయట ఇద్దరు కార్యదర్శులు మందుల చీటీలు ఒకరికొకరు చూపించుకొంటున్నారు. "ఈ గోలీ నాకు పనిచేస్తలేదన్నా, ఇంకా గట్టిది రాయమని అడగాలె" అని ఒకరన్నారు. ఆ మాట విన్నాక దూడలను కాసేపు పక్కన కట్టేసి, నడుముల గురించి మాట్లాడదలచినాను. నేను మనుషుల డాక్టరును కాను. బర్రెల వెనుక ముప్పైయేళ్లు వంగి నడుము పాడుచేసుకొని, మామూలు మందు నుండి గట్టి మందుకు ఎక్కి, మళ్లీ దిగివచ్చినవాడిని. ఆ అనుభవమూ, వైద్యుల దగ్గర తెలుసుకొన్న సంగతులూ చెప్పుతాను.

మన పనిలో నడుము నొప్పి రావడం వింత కాదు. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు దాటుతుంది, క్యాను బరువు అదనం. దానికి తోడు గడ్డిమోపు, పెండ గంప, కుడితి. సిరిసిల్లలో మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చినాయన ఇంటికి రాగానే గడ్డి కోయబోతాడు. కోరుట్ల దిక్కు మన అక్కచెల్లెళ్లు బీడీల చాట ఒళ్లో పెట్టుకొని దినమంతా వంగి కూర్చుంటారు, తెల్లవారకముందే పాలు పిండుతారు. ఒకసారి జగిత్యాల దగ్గర పల్లెలో బర్రెకు నొప్పి సూది వేస్తుంటే పెద్దాయన ఒకరు "సారూ, నాకూ అరసూది వేయరాదుండ్రి" అన్నాడు. నవ్వినాను గాని, ఆయన నవ్వలేదు.

నేను మొదట వాడింది డైక్లోఫెనాక్. రాబందులు చనిపోతున్నాయని 2006లో పశువులకు నిషేధించినది ఈ మందునే. ఈ మందు వేసిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతినేవి. రైతులు పెద్ద సీసాలు కొని పశువులకు వాడకుండా 2015లో మనుషుల సూదిమందును కూడా ఒక్క మోతాదు సీసాలకు పరిమితం చేసినారు. ఇదంతా ఊరూరా చెప్పినవాడిని నేనే. చెప్పి ఇంటికి వచ్చి అదే గోలీ రోజుకు రెండేసి, ఏళ్ల తరబడి మింగినవాడినీ నేనే. ఎండలో తిరగడం, నీళ్లు తక్కువ తాగడం, పైగా రక్తపోటు మందు. 2019లో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9 వచ్చింది. మూత్రపిండాలు అలసిపోయినవని అర్థం. డాక్టరుగారు ఆ గోలీ ఆపించి ట్రమడాల్ రాసినారు.

ట్రమడాల్ నల్లమందు జాతి మందు. 2018 ఏప్రిల్ నుండి మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చినారు. చీటీ లేనిదే అమ్మరాదు. షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచవలెను. మొదటి వారం నాకు అమృతమనిపించింది. రాత్రి నిద్ర పట్టింది. తరువాత మలబద్ధకం, వాంతి, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఒక తెల్లవారుజామున కొట్టంలో పడబోయి గుంజ పట్టుకొన్నాను. రెండు నెలలకు పాత మోతాదు చాలలేదు. నాకై నేనే ఒక గోలీ పెంచుకొన్నాను. తప్పు చేసినాను. ఒకనాడు చీటీ అయిపోయి మందు దొరకక, చెమటలు, వణుకు, కాళ్లలో పీకుడుతో రాత్రంతా కూర్చున్నాను. అది నడుము నొప్పి కాదు, మందు అడుగుతున్న ఒళ్లు. డాక్టరుగారి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గిస్తే మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇట్టి మందును ఒక్కసారిగా ఆపరాదని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంత బాధపడి గట్టి మందు వాడితే లాభమైనా ఉన్నదా? అమెరికాలో మినియాపోలిస్ మాజీ సైనికుల వైద్యశాలలో దీర్ఘకాలపు నడుము, మోకాలు, తుంటి నొప్పులున్న 240 మందిని రెండు జట్లుగా చేసి ఏడాదిపాటు చూసినారు. ఒక జట్టుకు నల్లమందు జాతి మందులు, రెండో జట్టుకు మామూలు మందులు. 2018లో ఫలితం వచ్చింది. రోజువారీ పనులు చేసుకోవడంలో గట్టి మందుల జట్టు ఏమీ ముందు లేదు. నొప్పి మామూలు మందుల జట్టుకే కాస్త తక్కువ, దుష్ఫలితాలు గట్టి మందుల జట్టుకు ఎక్కువ. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలపు నడుము నొప్పికి ఈ జాతి మందులను మామూలుగా వాడవద్దన్నది. వ్యాయామాన్ని, రోగికి తన నొప్పి గురించి తెలియజెప్పడాన్ని ముందు పెట్టింది. క్యాన్సరు నొప్పి సంగతి వేరు, ఆపరేషను తరువాతి నొప్పి సంగతీ వేరు. వాటికి ఈ మందులు కావలసినవే. మీ ఇంట్లో అట్టివారుంటే నా మాట విని వారి మందు ఆపవద్దు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదాలు రెండున్నవి. ఒకటి కల్లు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలుపుతున్నారని మీకు తెలియనిది కాదు. ట్రమడాల్ మీద అది పడితే నిద్రలోనే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చును. సారా, విస్కీ కూడా అంతే. మూర్ఛ ఉన్నవారు, మనోవ్యాధికి మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పవలెను. రెండవది గల్ఫు. దుబాయి పోయేవారి చేతికి "మా తమ్మునికి నడుము నొప్పి, ఈ గోలీలు ఇయ్యి" అని పొట్లం కట్టి ఇస్తాము. ఎమిరేట్లలో ట్రమడాల్ నియంత్రిత మందు. అక్కడి అధికారుల అనుమతి లేకుండా తీసుకొనిపోతే విమానాశ్రయంలోనే కేసు. పొట్లంలో ఏమున్నదో తెలియనివాడు జైలుకు పోతాడు.

డాక్టరు నిజంగానే మందు మార్చితే, పాత గోలీ ఆపాలా, రెండూ వాడాలా అని అక్కడే అడగండి. చాలామంది రెండు పట్టీలూ మింగుతున్నారు. ట్రమడాల్ గోలీల్లో కొన్నింటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. పైన జ్వరం గోలీ వేసుకొంటే కాలేయానికి దెబ్బ. ఎన్నాళ్లు వాడాలి, ఎట్లా మానాలి అన్నది కూడా మొదటి రోజే అడగవలసిన మాట. కాలు పట్టుతప్పినా, మూత్రం బిగిసినా, కూర్చునే చోట తిమ్మిరి ఎక్కినా గోలీల ప్రసక్తి లేదు, అదే రోజు పెద్ద దవాఖానకు పోవలెను. జగిత్యాలలో 2022 నుండి, సిరిసిల్లలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి.

ఇక పశువైద్యుడిగా నేను చెప్పవలసింది ఒకటున్నది. కోరుట్ల దిక్కున ఒక పాడి రైతుకు ఎనిమిది నెలలు నడుము నొప్పి. గోలీ మార్చినారు, సూది మార్చినారు, చివరకు ట్రమడాల్ దాకా వచ్చింది. నన్ను బర్రెను చూడడానికి పిలిచినాడు. మాటల్లో, రాత్రులు చెమటలు పడుతున్నవనీ, జ్వరం వచ్చిపోతున్నదనీ అన్నాడు. ఏడాది కింద ఆయన బర్రె ఏడో నెలలో ఈసుకుపోయింది. మాయ పడకపోతే ఒట్టి చేతులతో తానే లాగినాడట. నేను మందు పేరెత్తలేదు, బ్రుసెల్లా పరీక్ష చేయించుకొమ్మన్నాను. రక్తంలో బయటపడ్డది. ఆ రోగం వెన్నుపూసల్లో చేరితే ఏ నొప్పి గోలీకీ లొంగదు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ వంటి మందులు నెలల తరబడి వాడవలసి వస్తుంది. ఆయన వాడినాడు, తగ్గింది. ట్రమడాల్ దానంతట అదే అక్కరలేకపోయింది. కనుక మన పాడివాళ్లు డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "మాకు బర్రెలున్నవి, ఫలానా బర్రె ఈసుకుపోయింది" అని చెప్పవలెను. అడగకపోయినా చెప్పవలెను.

ఈసుకుపోయిన పిండాన్ని, మాయను తొడుగులు లేకుండా ముట్టరాదు, సున్నం చల్లి లోతుగా పూడ్చవలెను. పాలు కాచే తాగండి. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసు ఆడదూడలకు ఒక్కసారి టీకా వేయిస్తే ఆ పశువుకు రక్షణ. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకం కింద ఉచితంగా వేస్తారు. దూడల గురించి మాట్లాడమన్నారు గదా, అక్కడికే వచ్చినాను. కార్యదర్శులు రేపు పొద్దున పాలు పోయించుకొనేటప్పుడు ఆ వయసు ఆడదూడలు ఎవరింట ఎన్ని ఉన్నవో ఒక కాగితం మీద రాసి మీ పశువైద్యశాలకు పంపండి. క్యాన్లు మాత్రం ఇద్దరు పట్టి ఎత్తండి.