రంగమంటే ఎవరిది?



పేపరు తిరగేస్తే ఏ పేజీలో చూసినా రంగమే కనిపిస్తుంది. విద్యారంగం, వైద్యరంగం, క్రీడారంగం. ఎన్నికలొస్తే ఫలానావారు రంగంలోకి దిగారంటారు. యుద్ధమైతే రణరంగం, నాటకమైతే రంగస్థలం. ఇన్నిచోట్ల తిరిగే ఈ మాట పుట్టిల్లేదో ఈవేళ కాసేపు ముచ్చటించుకుందాం.

సంస్కృతంలో 'రంజ్' అనే ధాతువుంది. రంగు పట్టించడం, సంతోషపెట్టడం అని దానికి అర్థాలు. రంజనం, రాగం, అనురాగం అన్నీ దాని సంతానమే. మనం చీరకు వేయించే రంగూ, నాటకమాడే రంగమూ ఒక్క కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లన్నమాట. అయితే అంతరంగం, బహిరంగం మాత్రం ఈ ఇంటి పిల్లలు కావు సుమండీ! వాటిలో ఉన్నది 'అంగం'. అంతర్ అంగం, బహిర్ అంగం అని విడదీసుకోవాలి.

భరతముని నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో నాటకశాల ఎలా కట్టాలో చెప్పాడు. మనుషులకు తగిన శాల 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉండాలన్నాడు. మూర ఒకటిన్నర అడుగు అనుకుంటే సుమారు 96 అడుగులు, 48 అడుగులు. అందులో సగం ప్రేక్షకులకు. మిగతా సగంలో ముందుభాగం ఆటకు, వెనకభాగం నేపథ్యానికి. నేపథ్యమంటే వేషాలు వేసుకునే గది. శాల అంతకంటే పెద్దదైతే నటుల మాట వినిపించదు, ముఖంలోని భావం కనిపించదు అని కారణం కూడా చెప్పాడు. మైకులు లేని రోజుల్లో ఎంత ముందుచూపో చూడండి!

మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది మొదటి అధ్యాయంలో ఉంది. లలితమైన కైశికీ వృత్తిని స్త్రీలు లేకుండా పురుషులు మాత్రమే ప్రదర్శించలేరని భరతుడు బ్రహ్మతో మొరపెట్టుకుంటాడు. అప్పుడు బ్రహ్మ అప్సరసలను సృష్టించి ఇస్తాడు. అంటే ఆ కథ ప్రకారం ఆడవాళ్లు లేనిదే నాటకం సాగనే లేదు!

మరి తరువాత ఏమయింది? ఆడది నలుగురిలో గొంతెత్తితే రచ్చకెక్కిందన్నారు. మన తెలుగు నాటకంలో స్త్రీ వేషాలు చాలాకాలం మగవారే కట్టారు. స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామగా ఎంత పేరు తెచ్చుకున్నారో మనకు తెలిసిందే. ఆయన ప్రతిభకు చేయెత్తి మొక్కుదాం. కానీ ఆ వేషం కట్టగల ఆడపిల్లలు ఎంతమంది వంటింట్లోనే ఉండిపోయారో కదా! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు ఈ కట్టుబాటును పక్కన పెట్టాయి. ఆ కుటుంబాల స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించి, పిల్లల్ని ఆ తెరల మధ్యే పెంచుకున్నారు.

సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మర్నాడు జరిగే వేడుక పేరు కూడా రంగమే. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి పలుకుతుంది. ఆ కాసేపూ అధికారులూ, మగపెద్దలూ అందరూ చేతులు కట్టుకుని వింటారు.

కనుక అమ్మలారా, నేపథ్యం చెడ్డదేమీ కాదు. అక్కడ పని జరగకపోతే ముందు ఆట నడవదు. కాని అది ముస్తాబు కావడానికే, జీవితమంతా ఉండిపోవడానికి కాదు. పాడాలనో, ఆడాలనో, నలుగురిలో నాలుగు మాటలు చెప్పాలనో మీ అమ్మాయి అడిగితే తెర తీసి దారివ్వండి. ఆ కోరిక మీకే ఉంటే, మీరే ఓ అడుగు ముందుకు వేయండి.