గుండ్రడ తండ్రి గడి

ఈ ధర్మనిధిని నెలకొల్పినది మాస్టారి కుటుంబం.

మాస్టారి గురించి చెప్పవలసిన నాలుగు మాటలూ ముందే చెప్పేస్తాను. ఆయన పాండిత్యం, పదవులు ఆహ్వాన పత్రికలో వేశారు. నేను కలిపేదేమీ లేదు. నాకు తెలిసిన మాస్టారికి జేబులో రెండు పెన్నులుండేవి, సంతకానికి మాత్రం ఎప్పుడూ పక్కవాడి పెన్నే అడిగేవారు, తిరిగిచ్చేవారు కాదు. ఇంటికెళ్తే మజ్జిగ ఇప్పించేవారు. పుస్తకం మాత్రం ఇచ్చేవారు కాదు. మధ్యయుగపు ఇంగ్లండు పాఠంలో నల్లబల్ల మీద వంశవృక్షం గీస్తే ఒక్క గడీ ఖాళీగా వదిలేవారు కాదు. తండ్రి ఎవరో తెలియని చోట ఒక పేరు వేసి పక్కన ‘బహుశా’ అని రాసేవారు. పరీక్షల నాటికి ఆ ‘బహుశా’ రాలిపోయేది, పేరు మిగిలిపోయేది. ఆయనతో నా తగాదా అక్కడే మొదలైంది. ఇప్పుడు ఆయన శిష్యులతో నడుస్తోంది. వాళ్లలో కొందరు మూడో వరసలో కూర్చున్నారు, సంతోషం. ఈ సంగతి తెలిసే నిర్వాహకులు నన్ను పిలిచారనుకుంటాను.

ఇంగ్లండు ప్రభువంశాల్లో ఫలానావాడు ఎవరి బిడ్డ అన్న వివాదాలు చాలానే ఉన్నాయి. వాటిలో పేరుమోసినవి మీకు తెలిసినవే. నాలుగో ఎడ్వర్డు యార్క్ డ్యూకుకు పుట్టలేదని, రూఆన్‌లో ఒక విలుకాడికి పుట్టాడని గిట్టనివాళ్లు లేవదీసిన మాట ఒకటి. లెస్టర్‌లో కార్ పార్కు కింద 2012లో బయటపడ్డ మూడో రిచర్డు ఎముకలు మరొకటి. తల్లుల వైపు డీఎన్ఏ కలిసింది. మగవరస వై క్రోమోజోము మాత్రం ఇప్పటి బ్యూఫర్ట్ డ్యూకుల వంశం వాళ్లతో కలవలేదని 2014లో ప్రకటించారు. నడుమ ఏదో ఒక తరంలో కాగితం మీది తండ్రి అసలు తండ్రి కాడన్నమాట. ఏ తరంలోనో తేలలేదు. వీటిమీద సినిమాలొచ్చాయి, టీవీ కార్యక్రమాలొచ్చాయి. నేను వేరే చెప్పక్కర్లేదు.

నా మనిషి గుండ్రడ.

1066 తర్వాత విజేత విలియం దగ్గర భూములు దండిగా పొందిన విలియం ద వారెన్‌కి ఈమె భార్య. ఈ వారెన్ 1088లో సర్రే ఎర్ల్ అయ్యాడు, ఆ ఏడే పోయాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి ససెక్స్‌లోని లూయిస్ పట్టణంలో మఠం కట్టించారు; ఇంగ్లండులో క్లూనీ సంప్రదాయపు మొదటి మఠం అదే. గుండ్రడ 1085లో పోయింది, అక్కడే పూడ్చారు. ఎనిమిదో హెన్రీ కాలంలో మఠం పోయింది, సమాధీ పోయింది. ఆమె సమాధి మీది నల్లరాతి పలక 1770లలో ఐస్‌ఫీల్డ్ చర్చిలో వేరెవరి సమాధికో అతికించి కనిపించింది. 1845లో రైలు మార్గం కోసం లూయిస్ మఠం శిథిలాల్ని తవ్వుతుంటే రెండు చిన్న సీసపు పెట్టెలు బయటపడ్డాయి. ఒకదాని మీద విలియం పేరు, ఒకదాని మీద గుండ్రడ పేరు. ఇప్పుడు పలక, పెట్టెలు సౌత్‌ఓవర్ చర్చిలో ఉన్నాయి.

ఈ గుండ్రడ విజేత విలియం కూతురని కొన్ని శతాబ్దాల పాటు అందరూ నమ్మారు. ఆధారాలు రెండు దానపత్రాలు. ఒకటి రాజు పేరనున్నది. లూయిస్ మఠానికి నార్ఫోక్‌లోని వాల్టన్ ఎస్టేటు ఇస్తూ ఆమెను నా కూతురు అంటుంది. ఆ మాటలు తర్వాత ఎవరో ఇరికించినవని పరిశీలించినవాళ్లు తేల్చారు. రెండోది వారెన్ పేరనున్నది. మటిల్డా రాణి నా భార్యకు తల్లి అంటుంది. ఇది 15వ శతాబ్దపు నకలుగానే మనకు దక్కింది. తీర్థయాత్ర కథతో సహా తీరిగ్గా సాగే దాని నడక చూస్తే 11వ శతాబ్దంలో భూమి ఇచ్చే ఏ ప్రభువూ అంత కబుర్లు చెప్పడని తెలిసిపోతుంది. మఠాల వాళ్లకి దాత ఎంత పెద్దింటి మనిషైతే భూమి మీద హక్కు అంత గట్టిది. రాజుగారి అల్లుడు ఇచ్చిన పొలం జోలికి ఎవడొస్తాడు?

ఇక సమాధి పలక. దాని మీది పద్యం ఆమెను డ్యూకుల వంశంలో పుట్టినదంటుంది. కానీ ఆ పలక ఆమె పోయిన సుమారు అరవై ఏళ్లకు గాని చెక్కలేదు. చెక్కించినది అదే మఠం.

1846లో థామస్ స్టేపుల్టన్ ఒక మధ్యేమార్గం చూపించాడు. ఆమె విజేతకు పుట్టలేదు, నిజమే. మటిల్డాకు మాత్రం పుట్టింది, అయితే ముందు పెళ్లిలో, గెర్బొడ్ అనే ఫ్లెమింగు ప్రభువుకి అన్నాడు. ఆ గెర్బొడ్ సాంతొమేర్‌లోని సాన్-బెర్తాన్ మఠానికి రక్షకుడు. 1049 రైమ్స్ సభలో పోపు విలియం–మటిల్డాల పెళ్లిని ఎందుకు అడ్డుకున్నాడో దీంతో తేలిపోతుందన్నాడు: ఆమెకు అప్పటికే మొగుడున్నాడు కాబట్టి. ఎంత చక్కగా అమరిందో చూడండి. నకిలీ పత్రంలో రాణి తల్లిగా మిగిలింది, పోపు నిషేధానికి కారణం దొరికింది, చరిత్రకారుడు ఆర్డరిక్ విటాలిస్ గుండ్రడను అదే పేరున్న మరో గెర్బొడ్‌కి చెల్లెలన్నాడు కాబట్టి అతనూ సంతోషించాడు. ఇంత అందంగా అమరినది చూస్తే నాకు అనుమానం వస్తుంది. ఫ్రీమన్ అంతటివాడు తన నార్మన్ విజయ చరిత్రలో దీన్నే పట్టుకున్నాడు.

1870ల చివర్లో చెస్టర్ వాటర్స్ అనే వంశావళి పండితుడు ఒక ఉత్తరం తీసి చూపించాడు. దీని దగ్గర కాసేపు ఆగుతాను.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్‌సెల్మ్ 1109లో పోయాడు. అంతకు ముందెప్పుడో ఒకటో హెన్రీ రాజు అతన్ని సలహా అడిగాడు. హెన్రీకి పెళ్లి బయట పుట్టిన పిల్లలు ఇరవై మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఒక కూతుర్ని విలియం ద వారెన్‌కి, అంటే మన గుండ్రడ కొడుకైన రెండో ఎర్ల్‌కి, ఇస్తానని మాటిచ్చాడు. కానీ వధూవరులు ఒక పక్క నాలుగో తరంలోనూ మరో పక్క ఆరో తరంలోనూ బంధువులవుతున్నారు; ఏం చెయ్యను? అప్పటి చర్చి నియమం ఏడు తరాల లోపు పెళ్లి కూడదంటుంది. వద్దనే ఆన్‌సెల్మ్ జవాబిచ్చాడు. పెళ్లి జరగలేదు.

ఇప్పుడు గుండ్రడ విజేత కూతురనుకోండి. హెన్రీ విజేత కొడుకు. అంటే గుండ్రడ హెన్రీకి అక్క. గుండ్రడ కొడుక్కి హెన్రీ మేనమామ. హెన్రీ కూతురు అతనికి మేనమామ కూతురు! మన ఊళ్లలో అయితే పెద్దవాళ్లు పెళ్లిచూపుల ఊసే లేకుండా ముహూర్తం పెట్టించేసే సంబంధం. అక్కడి చర్చి లెక్కలో మాత్రం ఒక్క తాత నుంచి రెండో తరం. నాలుగో తరం కన్నా ఇది ఎంతో ఘోరమైన అడ్డు. స్టేపుల్టన్ చెప్పినట్టు మటిల్డా తొలి పెళ్లి బిడ్డ అనుకున్నా తేడా లేదు. తల్లి ఒకతే అయినా గుండ్రడ హెన్రీకి అక్కే, పిల్ల మేనమామ కూతురే. రెండో తరం బంధుత్వం కళ్లెదుట ఉంటే ఆర్చిబిషప్పు నాలుగో తరం, ఆరో తరం అని వేళ్లు లెక్కపెడుతూ కూర్చుంటాడా? పైగా ప్రశ్న వేసినవాడు హెన్రీ. తన అక్క ఎవరో హెన్రీకి తెలియదా?

మరి ఆ నాలుగు, ఆరు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తోరిన్యీ రాబర్ట్ అనే నార్మన్ చరిత్రకారుడు ఒకటో రిచర్డ్ డ్యూకు భార్య గునోర్ తోడబుట్టినవాళ్ల సంతతిని ఏకరువు పెట్టాడు. వారెన్లు గునోర్ అక్కచెల్లెళ్ల కూతుళ్లలో ఒకామె సంతతి అన్నాడు. ఇక మీరే వేళ్ల మీద వెయ్యండి. గునోర్ తల్లిదండ్రుల్ని మూలం పెట్టుకుంటే, రాజు వైపు: గునోర్, రెండో రిచర్డ్, రాబర్ట్, విజేత, హెన్రీ, పెళ్లికూతురు. ఆరు. వారెన్ వైపు: గునోర్ తోడబుట్టినామె, ఆమె కూతురు, మొదటి ఎర్ల్, పెళ్లికొడుకు. నాలుగు. తోరిన్యీ చెప్పిన ఆ కూతురు మొదటి ఎర్ల్‌కి తల్లి అయితే లెక్క గవ్వ తప్పకుండా సరిపోతుంది. బంధుత్వమంతా పెళ్లికొడుకు తండ్రి వైపునుంచే వచ్చింది. తల్లి గుండ్రడ వైపు నుంచి ఏమీ రాలేదు.

సర్ జార్జ్ డకెట్ అనే పండితుడు దీన్ని ఒప్పుకోలేదు. గుండ్రడ రాజపుత్రికేనని చివరిదాకా పట్టుబట్టాడు. ‘ఒక పక్క నాలుగు, ఒక పక్క ఆరు’ అంటే ఒకే బంధుత్వం కాదు, రెండు వేర్వేరు బంధుత్వాలు కావచ్చు కదా అని మూడో వరసలోని మిత్రుడొకరు ఒకసారి నన్నడిగారు. కావచ్చు. అప్పుడైనా వాటిలో దగ్గరిది నాలుగోదే; రెండోది రాదు. పిల్ల పెళ్లి బయట పుట్టింది కాబట్టి చుట్టరికం లెక్కించలేదేమో అన్నారు. లెక్కించకపోతే ఆ నాలుగూ ఆరూ మాత్రం ఎందుకు లెక్కించినట్టు? రక్తసంబంధానికి చర్చి తాళి చూడదు. ఎముకలున్నాయి కదా, డీఎన్ఏ తీస్తే పోలేదా అన్నారు. దేనితో పోల్చాలి? కాన్‌లోని విజేత సమాధిని 1562లో ధ్వంసం చేశాక అక్కడ మిగిలిందని చెప్పేది ఒక్క తొడ ఎముక.

ఫ్రీమన్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. 1888లో ఇంగ్లిష్ హిస్టారికల్ రివ్యూలో దీర్ఘ వ్యాసం రాసి, గుండ్రడ రాజుకు గాని రాణికి గాని బిడ్డ కాదన్నదే ఆధారాలు చెప్పే మాటని తేల్చాడు. అంతటితో ఆగాడు. ఆ ఆగడమే నాకు కావాలి.

తర్వాతివాళ్లు ఆగలేదు. రాజు పోయాడు, రాణి పోయింది, గడి ఖాళీ అయింది. ఖాళీ గడి చూస్తే చెయ్యి ఊరుకోదు. ఆర్డరిక్ ఆమెను ఫ్లెమింగు గెర్బొడ్ చెల్లెలన్నాడు. హైడ్ మఠం పేరనున్న వృత్తాంతం ఫ్రెడరిక్ అనే మరో సోదరుణ్ణి చేర్చింది. డూమ్స్‌డే భూముల పుస్తకంలో వారెన్ చేతిలోని కొన్ని భూములు ఒకప్పుడు ఫ్రెడరిక్‌వని రాసి ఉండటంతో అది బలపడింది. ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. ఆమె అన్నదమ్ములు తెలుసు. ఇక్కణ్ణుంచి, సాన్-బెర్తాన్ రక్షకుల్లో గెర్బొడ్ అనే పేరు ఉంది కాబట్టి ఈమె తండ్రి ఆ గెర్బొడ్డే అనేస్తారు. ఆ పదవి వంశపారంపర్యం, ఆ పేరు తరం మార్చి తరం వచ్చేది. ఏ గెర్బొడ్? తండ్రా, పినతండ్రా, తాతా? అన్న పేరూ తండ్రి పేరూ ఒకటే అయి తీరాలా? జరిగే అవకాశం ఉంది, చాలా ఉంది. కానీ స్టేపుల్టన్ నుంచి రాణిని తీసేసి అతని గెర్బొడ్‌ని మాత్రం దాచుకోవడం ఏం న్యాయం? అతని మేడలో ఒక గది మాత్రం కూల్చలేదన్నమాట.

మాస్టారి బాట వాళ్లు అంటారు: తండ్రి పేరు రాయకపోతే వంశావళి ఏం వంశావళి, బద్ధకం. నేనంటాను: ఆన్‌సెల్మ్ ఉత్తరం ఈమె తండ్రి ఎవరో చెప్పదు, ఎవరు కాదో చెబుతుంది. ‘కాదు’ అన్నది పూర్తి ఫలితం. దాని పక్కన మరో పేరు నిలబెట్టనక్కర్లేదు. ఈ ఉపన్యాసం పుస్తకంగా వేస్తామన్నారు. అందులో వేసే పట్టికలో గుండ్రడ పై గడి ఖాళీగా ఉంచమని ముందే అడిగాను. అచ్చుతప్పు అనుకుని ఎవరూ నింపవద్దని మనవి.

ఇప్పుడు నేను చేస్తున్న పని ఇందులోంచే వచ్చింది. పెళ్లిని ఆపడానికో అనుమతించడానికో చర్చి రాసిన కాగితాల్ని పోగుచేసి, వాటితో వంశవృక్షాల్ని తనిఖీ చెయ్యడం. దానపత్రంలో దాత పెద్దింటివాడు కావడం మఠానికి లాభం. పెళ్లి ఉత్తరంలో ఎవరికైనా లాభం ఉంటే అది సాధారణంగా చుట్టరికాన్ని తగ్గించి చెప్పడంలో ఉంటుంది, అందుకే అక్కడ బయటపడ్డ చుట్టరికం బరువైనది. అదే ఒకటో హెన్రీ ఇంకో కూతుర్ని ఇంకొకడికి ఇవ్వబోతే షార్ట్ర్ బిషప్పు ఈవో అడ్డం పడి, గునోర్ దగ్గర, ఆమె తోడబుట్టినదాని దగ్గర మొదలుపెట్టి తరాల మెట్లు రాసి పంపాడు. ఇద్దరు బిషప్పులు, ఒక రాజు, ఒకే గునోర్. ఈ ఉత్తరాన్ని ఆన్‌సెల్మ్ ఉత్తరం పక్కన పెట్టి చదవాలి.

1396లో గాంట్ జాన్ కేథరిన్ స్విన్‌ఫర్డ్‌ని పెళ్లాడినప్పుడు పోపు ఇచ్చిన అనుమతి చూస్తే, వాళ్ల మునుపటి సంబంధంతో పాటు, కేథరిన్ బిడ్డకు జ్ఞానస్నానంలో గాంట్ తండ్రిగా నిలిచిన సంగతి కూడా దొరుకుతుంది. వేరే ఎవరూ రాసిపెట్టని ముక్క అది. ఈ కాగితాలూ అబద్ధం ఆడతాయి, తెలుసు. ఎలినార్ రాణి 1152లో ఫ్రాన్సు రాజుతో చుట్టరికం ఉందని విడిపోయి, అంతే దగ్గర చుట్టమైన హెన్రీని, తర్వాత రెండో హెన్రీ రాజైనవాణ్ణి, వెంటనే పెళ్లాడింది. జాన్ రాజు గ్లోస్టర్ ఇసబెల్లాని 1189లో చేసుకున్నప్పుడు ఇద్దరికీ ముత్తాత ఒకటో హెన్రీయేనని అందరికీ తెలుసు. ఆ బంధుత్వం 1199లో పెళ్లి రద్దుకు పనికొచ్చింది. ఇక్కడ అబద్ధం చుట్టరికంలో లేదు, దాన్ని గుర్తుచేసుకున్న వేళలో ఉంది. రెంటినీ విడదీయడానికి ఒక పద్ధతి కావాలి. 1215 లాటరన్ సభ ఏడు తరాల్ని నాలుగుకు తగ్గించింది కాబట్టి ఆ ఏడాదికి ముందు కాగితాలు ఒక కట్ట, తర్వాతవి ఒక కట్ట పెట్టుకున్నాను. మొదటి కట్ట చిన్నదే గాని చిక్కులన్నీ అందులోనే ఉన్నాయి.

లాటిన్ వచ్చినవాళ్లు మనకు తక్కువ. సపిండ లెక్క వచ్చినవాళ్లు మాత్రం ఈ సభలోనే పదిమంది ఉంటారు. మితాక్షరలో తండ్రి వైపు ఏడు, తల్లి వైపు ఐదు అంటూ చదువుకున్నవాళ్లకి ఆన్‌సెల్మ్ ఉత్తరం చదవడానికి కావలసిన బుర్ర అప్పటికే ఉంది, మూలపురుషుణ్ణి ఒకటిగా లెక్కించాలా వద్దా అన్న తేడా ఒక్కటి సరిచూసుకుంటే చాలు. అలాంటి పిల్లలు ఇద్దరు కావాలి. జీతం ఇవ్వలేను. పుస్తకాలు ఇస్తాను, ఇంటికి కూడా పట్టుకెళ్లొచ్చు. ఆసక్తి ఉన్నవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి; మొదటగా ఈవో ఉత్తరాలతో మొదలుపెడదాం.